నెత్తిన పుస్తకాల గంప: వట్టికోట ఆళ్వారుస్వామి జీవితం, కాలం

ప్రత్యేక సంచికలో ఈసారి ఒక నవలా రచయిత జీవితాన్ని, ఆయన బతికిన కాలాన్ని బొమ్మలతో సహా పరిచయం చేయాలని కార్యవర్గం నిర్ణయించి, రాసే పని నాకు అప్పగించింది. కొందరు మిత్రులు ఉన్నవ లక్ష్మీనారాయణ గారి పేరు, మరి కొందరు విశ్వనాథ వారి పేరు చెప్పారు. ఇద్దరూ మహానుభావులే. కాని మన రేగొండ వైపు పెద్దలు చూసిన కాలం, పడిన బాధ ఉన్న పుస్తకం కావాలంటే నాకు తోచిన పేరు ఒక్కటే, వట్టికోట ఆళ్వారుస్వామి గారు. బడికి సరిగ్గా వెళ్ళని, జీతమూ పింఛనూ ఎరుగని మనిషి. నలభై అయిదేళ్ళకే కన్నుమూశారు.

ఆయన 1915 నవంబర్ 1న నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో పుట్టారు. పేద వైష్ణవ కుటుంబం. చిన్నతనంలోనే తండ్రి పోయారు. చదువుకోవాలన్న ఆశ ఉంది, చదివించే దిక్కు లేదు. అందుకని ఒక ఉపాధ్యాయుని ఇంట్లో వంట చేసిపెడుతూ, ఆయన దగ్గరే అక్షరాలు నేర్చుకున్నారు. సంచికకు బొమ్మలు వేస్తున్న మిత్రునికి నేను సూచించిన మొదటి బొమ్మ ఇదే. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే, పక్కన పుస్తకం పట్టుకుని కూర్చున్న పిల్లవాడు. ఆ రోజుల్లో బీద ఇళ్ళ పిల్లలు వారాలు చేసుకుని చదివిన సంగతి మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పుకోగా విన్నదే.

తర్వాత బెజవాడ చేరి హోటల్లో సర్వరుగా పనిచేశారు. పని లేని వేళల్లో చేతికందిన పుస్తకమల్లా చదివారు. తెలుగు నవలకు హోటళ్ళతో ఏదో బంధం ఉన్నట్టుంది. తెనాలిలో శారద అనే కలం పేరుతో నవలలు రాసిన నటరాజన్ గారు కూడా హోటలు పనివారే. ఆళ్వారుస్వామి గారు బెజవాడ నుంచి హైదరాబాదు వచ్చి, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దే పనిలో చేరారు.

ఇక్కడ ఆ కాలం గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఇప్పటి పిల్లలకు ఈ కథ అర్థం కాదు. అప్పుడు మనది నిజాం రాజ్యం. కచేరీలోనూ, న్యాయస్థానంలోనూ, పెద్ద బడిలోనూ ఉర్దూ. ఎక్కువ మంది జనం మాట్లాడేది తెలుగు. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు గారి వంటి పెద్దలు దాన్ని నడిపించారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారి సంపాదకత్వాన గోలకొండ పత్రిక వచ్చింది. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది, అధ్యక్షులు ప్రతాపరెడ్డి గారే. మన హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం 1904లోనే వెలసింది. సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. గ్రంథాలయం పెడితే కూడా అనుమానంగా చూసేవారు. పుస్తకం చదివినవాడు రేపు ప్రశ్న అడుగుతాడని సర్కారుకూ తెలుసు, దొరకూ తెలుసు.

అటువంటి రోజుల్లో ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. దేశోద్ధారక అన్నది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి బిరుదు. ఆయన ఆ ఏడాదే పరమపదించారు. పంతులు గారికి అమృతాంజనం, ఆంధ్రపత్రిక ఉన్నాయి. వీరి చేతిలో ఉన్నదల్లా ప్రూఫు దిద్దే కలం. అయినా ముప్పైకి పైగా పుస్తకాలు అచ్చువేశారు. అచ్చువేయడం ఒక ఎత్తు, అమ్మడం ఇంకో ఎత్తు. పుస్తకాలను గంపకెత్తుకుని, నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మారు. మన వీధుల్లో గంప మోసుకొచ్చేవాళ్ళ దగ్గర కూరగాయలు కొన్నాం, గాజులు కొన్నాం. నవలలూ వ్యాసాలూ గంపలో తెచ్చి అమ్మిన ప్రచురణకర్త ఇంకొకరు ఉన్నారేమో నాకైతే తెలియదు. రెండో బొమ్మ అదే కావాలన్నాను. గంప బరువు మెడ మీద తెలియాలని కూడా చెప్పాను.

గ్రంథమాల ఆయన సొంత రచనల కోసం పెట్టుకున్నది కాదు. ఎక్కువగా తెలంగాణ రచయితలకు అది ఆసరా అయింది. మన వరంగల్లు కాళోజీ నారాయణరావు గారి నా గొడవ ఆ గ్రంథమాల నుంచే వెలువడింది. 1953లో అలంపురంలో జరిగిన రచయితల సభల్లో శ్రీశ్రీ గారు దానిని ఆవిష్కరించారు. తెలంగాణ, గుమాస్తా అనే పత్రికలకు కూడా ఆళ్వారుస్వామి గారు సంపాదకులుగా ఉన్నారు. గుమాస్తా అన్న పేరు వింటే మనవాళ్ళకు ముచ్చట వేస్తుంది. దుకాణాల్లో, కచేరీల్లో చాలీచాలని జీతానికి లెక్కలు రాసేవాళ్ళ కోసం ఒక పత్రిక ఉండాలని ఆ రోజుల్లోనే ఆయనకు తోచింది.

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళారు. ఆంధ్ర మహాసభలో పనిచేశారు, కమ్యూనిస్టు అయ్యారు. నిజాం పాలన చివరి రోజుల్లో మళ్ళీ జైలు. 1947 సెప్టెంబర్ 2న మన పక్కనే పరకాలలో జాతీయ జెండా ఎగరేయబోయిన జనం మీద కాల్పులు జరిగిన సంగతి మీకు తెలుసు. అవి ఆ రోజులు. నిజామాబాదు జైలులో ఆయనకు దాశరథి కృష్ణమాచార్యులు గారు తోడయ్యారు. దాశరథి గారిది ఇప్పటి మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరు, అంటే మన చుట్టుపక్కల మనిషే. కాగితం దొరకని చోట దాశరథి గారు బొగ్గుతో జైలు గోడల మీద పద్యాలు రాసేవారు. వయసులో పదేళ్ళు పెద్దవారైన ఆళ్వారుస్వామి గారు ఆ కుర్రవానికి అండగా నిలిచారు. తన అగ్నిధారను దాశరథి గారు ఆయనకే అంకితం ఇచ్చారు. అంకితాలు జమీందార్లకూ ధనవంతులకూ వెళ్ళే ఆచారం ఉన్న మన సాహిత్యంలో, ఒక పూటకు ఉంటే ఇంకో పూటకు లేని మనిషికి దక్కిన అంకితం అది.

జైలులో తనతో ఉన్న మామూలు ఖైదీలను ఆయన శ్రద్ధగా చూశారు. దొంగతనానికి వచ్చినవాడు, హత్యకు వచ్చినవాడు, వాళ్ళను అక్కడికి తెచ్చిన పరిస్థితి, ఇవన్నీ జైలు లోపల అనే కథల పుస్తకంలో ఉన్నాయి. నవలల కంటే ముందు దాన్ని చదవమని మా మనవలకు చెబుతుంటాను. కథలు చిన్నవి, తొందరగా పూర్తవుతాయి.

ఇక ప్రజల మనిషి. 1950లలో వెలువడింది. నిజాం కాలంలో పల్లె బతుకును, అక్కడి రాజకీయ చైతన్యాన్ని నవలగా చెప్పినవారిలో ఆయనే మొదటివారని పెద్దలు అంటారు. దిమ్మెగూడెం అనే ఊరు, రామభూపాలరావు అనే దొర, ఆ దొరకు ఎదురు నిలిచే కంఠీరవం అనే యువకుడు. వెట్టిచాకిరీ, భూములు లాక్కోవడం, మతం మార్పిడుల గొడవలు, గ్రంథాలయాలు, ఆంధ్ర మహాసభ కబురు పల్లెకు చేరడం, అన్నీ అందులో ఉన్నాయి. ఉన్నవ వారి మాలపల్లి కూడా జైలులో రాసిందే, అందులోనూ పల్లె ఉంది. అయితే ఈ పల్లె మనది. మాట మనది. గడి, కచేరి, పటేలు, పట్వారీ అన్న పదాలకు మన దగ్గర ఎవరూ అర్థాలు అడగరు.

నేను రెవెన్యూ శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ చేతిలో పట్టుకుని ఎన్ని ఫైళ్ళు రాశానో లెక్కలేదు. ఏ సర్వే నంబరు ఎవరి పేర ఉందో ఆ కాగితం చెబుతుంది. అంతకు ముందు అది ఎవరు దున్నిన భూమి, ఏ అప్పు కింద, ఏ బెదిరింపు కింద పేరు మారింది అనేది ఏ గడిలోనూ రాసి ఉండదు. పహాణీలో లేని ఆ గడి ఈ నవలలో ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరైనా నాకు ఈ పుస్తకం ఇచ్చి ఉంటే, కచేరి ముందు గంటలకొద్దీ నిలబడే ముసలివాళ్ళు కాగితం లేకుండా ఏం చెప్పబోతున్నారో ఇంకొంచెం ఓపికగా వినేవాణ్ణి అనిపిస్తుంది.

అలాగని నవలలో లోపాలు లేవని అనను. కంఠీరవం మరీ మంచివాడు. కొన్ని చోట్ల మనుషులు మాట్లాడుకోవడం పోయి ఉపన్యాసాలు ఇచ్చుకుంటారు. కథ చెప్పే ఒడుపులో తర్వాత వచ్చిన దాశరథి రంగాచార్యులు గారి చిల్లర దేవుళ్ళు ఇంకా సాఫీగా సాగుతుంది. కాని రంగాచార్యులు గారికి ముందు దారి వేసినవారు వీరు. కొత్త దారి కొంచెం ఎగుడుదిగుడుగానే ఉంటుంది.

రెండో నవల గంగు. తొలి నవల తర్వాతి కాలాన్ని, 1940ల తెలంగాణను చెప్పాలని మొదలుపెట్టారు. ఈసారి పేరు ఒక స్త్రీది. ఉద్యమాల్లో ఆడవాళ్ళు ఏం చేశారో, ఏం పోగొట్టుకున్నారో రాయడానికి ఆ రోజుల్లో చాలామందికి చేయి రాలేదు. ఆయన మొదలుపెట్టారు, పూర్తి చేయలేకపోయారు. 1961 ఫిబ్రవరి 5న ఆళ్వారుస్వామి గారు పోయారు. రాసినంత మటుకే గంగు ఆయన మరణానంతరం అచ్చయింది.

మూడో బొమ్మ ఏం వేయాలని మిత్రుడు అడిగితే, జైలు గోడ, దాని మీద బొగ్గు గీతలు, కింద కూర్చుని చదువుతున్న ఆళ్వారుస్వామి గారు చాలన్నాను. గీతల్లో అక్షరాలు కనిపించకూడదని కూడా చెప్పాను, అవి దాశరథి గారి సొత్తు. ప్రజల మనిషి, గంగు, జైలు లోపల మూడూ మళ్ళీ మళ్ళీ అచ్చవుతూ వచ్చాయి. నా దగ్గరున్న ప్రతులను పింఛనుదారుల భవనంలో, క్యారం బోర్డు పక్కనున్న బీరువాలో పెడుతున్నాను. తీసుకెళ్ళేవారు రిజిస్టరులో పేరు రాసి వెళ్ళండి. ఇంట్లో ఆడవాళ్ళు అడిగితే ముందుగా గంగు ఇవ్వండి.