కడగొట్టు చెల్లెలు: ఆన్ బ్రాంటీ

ఆంగ్ల సాహిత్యముతో పరిచయమున్న వారిలో బ్రాంటీ సోదరీమణుల పేరు విననివారు అరుదు. 'జేన్ అయిర్' వ్రాసిన షార్లట్‌ను, 'వుదరింగ్ హైట్స్' వ్రాసిన ఎమిలీని మన కళాశాలల విద్యార్థులు బాగుగనే ఎరుగుదురు. వారి కడగొట్టు చెల్లెలు ఆన్ మాట వచ్చినప్పుడు మాత్రము, ఆమెయు ఏవో వ్రాసినదట అనుకొని ఊరకుందురు. 29 ఏండ్లకే కన్నుమూసిన ఆ చెల్లెలు వ్రాసినవి రెండు నవలలు. మొదటి నవలలో, అయినవారిని పోగొట్టుకొన్న కథానాయికకు సముద్రపుటొడ్డున ప్రేమ లభించినది. ఆ పుస్తకము వెలువడి ఏడాదిన్నర తిరుగకముందే రచయిత్రి సముద్రపుటొడ్డుననే ప్రాణము విడిచినది.

ఆన్ 1820 జనవరి 17న ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైరులో థార్న్‌టన్ గ్రామమున జన్మించినది. తండ్రి పాట్రిక్ బ్రాంటీ ఐర్లండునుండి వచ్చి స్థిరపడిన క్రైస్తవ మతాచార్యుడు. ఆరుగురు సంతానములో ఆమెయే చివరిది. ఆ ఏడే కుటుంబము హావర్త్ అను కొండయూరికి తరలినది. ఇంటి ముందర సమాధుల తోట. వెనుక, గాలికి తలవంచిన పొదలు తప్ప చెట్టు నిలువని బీడునేల. మరుసటి ఏడు తల్లి మరణించినది. ఆమె పుట్టినిల్లు దక్షిణమున సముద్రతీరపు పట్టణమైన పెంజాన్స్. అక్కడినుండి ఆమె అక్క ఎలిజబెత్ బ్రాన్వెల్ వచ్చి, చలిగాలుల హావర్తులోనే ఉండిపోయి, చెల్లెలి బిడ్డలను సాకినది. ఆన్ ఆ పెద్దమ్మ గదిలో నిద్రించి పెరిగిన పిల్ల. తల్లి ముఖము ఆమెకు జ్ఞాపకము లేదు.

1825లో పెద్దక్కలిద్దరు, మరియా, ఎలిజబెత్, పాఠశాల వసతిగృహమునుండి క్షయతో ఇల్లు చేరి ఆరు వారముల వ్యవధిలో పోయినారు. మిగిలిన నలుగురు, షార్లట్, బ్రాన్వెల్, ఎమిలీ, ఆన్, ఒకరికొకరు లోకమైనారు. మరుసటి ఏడు తండ్రి కొడుకునకు తెచ్చిచ్చిన కొయ్య సిపాయిలతో ఆట మొదలై, ఆ ఆట కథలైనది. షార్లట్, బ్రాన్వెల్ ఒక రాజ్యమును కల్పించుకొనగా, ఎమిలీ, ఆన్ పసిఫిక్ సముద్రములో గోండాల్ అను ద్వీపమును సృష్టించి, దానికి రాజులను, యుద్ధములను, చెరసాలలను ఏర్పరచినారు. ఆ ఇద్దరక్కచెల్లెండ్రను చూచినవారు వారిని కవలలవలె భావించినారు.

నలుగురిలోను చిన్నదని, మెత్తనిదని ఇంటివారు తలచిన ఆన్, పరుల ఇంట ఉద్యోగము చేసి అందరికన్న ఎక్కువకాలము నిలిచినది. 1839లో, 19 ఏండ్ల ప్రాయమున, ఒక ధనికుల ఇంట గవర్నెస్‌గా చేరినది. పిల్లలకు పాఠములు చెప్పుచు ఆ ఇంటనే ఉండవలసిన ఉపాధ్యాయిని ఆమె. దొరసానుల పంక్తిలో చోటులేదు, పనివారి పంక్తిలో కలియదు. పిల్లలు మాట వినకున్నచో తప్పు ఆమెది. వారిని దండించుటకు అధికారము మాత్రము లేదు. ఆ కష్టమును మన ఉపాధ్యాయ మిత్రులకు వేరుగ వివరింప పనిలేదు. ఏడాది తిరుగకమునుపే ఆమెను పంపివేసినారు. ఆమె వెనుదీయలేదు. 1840లో యార్కు నగరమునకు చేరువలోని థార్ప్ గ్రీన్‌లో రాబిన్సన్ కుటుంబమువారి ఇంట చేరి, 1845 వరకు అక్కడ పనిచేసినది.

ఆ కుటుంబమువారు వేసవిలో స్కార్‌బరో తీరమునకు పోయి, కొండ అంచున ఒక పెద్ద బసలో కొన్ని వారములు గడపెడివారు. బీడునేల తప్ప ఎరుగని ఆన్ ఆ విధముగ సముద్రమును చూచినది. ఇరువైపుల రెండు వంపుల తీరము, నడుమ కొండకొమ్మున పాత కోట, దాని క్రింద సెయింట్ మేరీ దేవాలయము. తనది కాని ఇంటివారి వెంట, తనది కాని విశ్రాంతికి పోయిన ఆమెకు, ఆ ఇసుక మాత్రము తనదైనది.

ఇంతలో హావర్తులో ఒక మరణము సంభవించినది. తండ్రికి సహాయకుడుగ వచ్చిన విలియం వెయిట్‌మన్ నవ్వుముఖము గల యువకుడు. ఆ ఇంటి ఆడపిల్లలకు ప్రేమలేఖ ఏనాడును అందలేదని విని, 1840 ఫిబ్రవరిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పద్యము వ్రాసి, తన పేరు బయటపడకుండ పది మైళ్ళు నడచి పోయి టపాలో వేసినాడు. 1842 సెప్టెంబరులో, రోగులను పరామర్శింపబోయి కలరా తగిలి మరణించినాడు. ఆన్ అతనిని ప్రేమించినదా? చరిత్రకారులు వాదులాడుకొన్నారు, ఆమె మాత్రము ఎవరితోను చెప్పుకొనలేదు. ఆ డిసెంబరులో ఒక విలాపగీతము వ్రాసినది. అందు పేరు లేదు. పేరు లేని ఆ దుఃఖమే తరువాత ఆమె కథలోనికి వచ్చినదని నా నమ్మకము.

తన వెనుకనే థార్ప్ గ్రీన్‌కు ఉపాధ్యాయుడుగ వచ్చిన అన్న బ్రాన్వెల్ యజమానురాలితో చనవుచేసికొని 1845లో ఉద్యోగము పోగొట్టుకొన్నాడు. ఇల్లు చేరి మద్యమునకు, నల్లమందునకు బానిసయైనాడు. అంతకు నెలముందే ఆన్ తానుగ రాజీనామా ఇచ్చి వచ్చినది. ఆ శరత్కాలమున ఎమిలీ రహస్యముగ వ్రాసికొన్న కవితలు షార్లట్ కంటబడినవి. ఎమిలీ మండిపడినది. ఆ రగడ నడుమ ఆన్, ఎమిలీవి నచ్చినవి గదా, నావియు చూచెదవేమో యని తన కాగితములు మెల్లగ తెచ్చి అక్క ముందర ఉంచినది. ఆమె స్వభావమంతయు ఆ చిన్న పనిలో ఉన్నది. 1846లో మువ్వురి కవితలు మగవారివలె ధ్వనించు మారుపేర్లతో వెలువడినవి. మొదటి ఏడాది అమ్ముడుపోయినవి రెండు ప్రతులు!

రాత్రి తొమ్మిదింటికి కుట్టుపని కట్టిపెట్టి, భోజనశాలలో బల్లచుట్టు తిరుగుచు ఆ మువ్వురు తమ కథలు ఒకరికొకరు వినిపించుకొనెడివారు. ఆ నడకలలో రూపొందినదే ఆన్ నవల 'ఆగ్నెస్ గ్రే'. 1847 డిసెంబరులో ఎమిలీ నవలతో కలిసి మూడవ సంపుటముగ అచ్చయినది. పేద మతాచార్యుని చిన్న కుమార్తె ఆగ్నెస్. తండ్రి ధనము పెట్టిన ఓడ మునుగుటతో ఇల్లు కుంగినది. ఆగ్నెస్ గవర్నెస్‌గా పోయి అవమానములు పడినది. గూటిలోని పక్షిపిల్లలను చిత్రవధచేయ సిద్ధపడిన శిష్యునినుండి వాటిని తప్పించుటకు, తన చేతులతోనే బండపడవేసి చంపవలసి వచ్చినది. తండ్రి మరణించిన పిమ్మట తల్లితో కలిసి సముద్రతీరపు పట్టణములో బడి పెట్టినది. తాను లోలోన ప్రేమించిన యువ మతాచార్యుడు వెస్టన్ ఎక్కడున్నాడో తెలియదు. ఒకనాటి ఉదయము, ఇంకను ఎవరి అడుగు పడని ఇసుకపై నడచుచుండగా, ఏనాడో దూరమైన తన కుక్క పరుగెత్తి వచ్చినది. దాని వెనుక అతడు! కథారంభమున సముద్రము తండ్రి సొమ్మును మ్రింగినది. కథాంతమున దాని ఒడ్డుననే కూతురు బ్రతుకు నిలిచినది. ఈ పుస్తకములో కేకలు లేవు, దయ్యములు లేవు. అందువలననే దాని ఘనత పదిమంది కంటబడలేదు. 1924లో జార్జి మూర్ అను రచయిత ఇది ఆంగ్ల వచన కథలలో లోపమెరుగనిదని ప్రశంసించునంతవరకు పెద్దగ పట్టించుకొన్నవారు లేరు.

1848 జూనులో వెలువడిన రెండవ నవల 'ది టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్' నిశ్శబ్దముగ ఉండలేదు. త్రాగుబోతు భర్తను విడిచి, కొడుకుతో పారిపోయి, చిత్రములు వ్రాసి బ్రతికిన ఇల్లాలి కథ అది. ఇంటిలో అన్న పతనమును దినదినము చూచిన చెల్లెలు వ్రాసినది. భార్య సంపాదన సైతము భర్త సొత్తేయని చట్టమున్న కాలములో అది సాహసము. విమర్శకులు అసభ్యమన్నారు. రెండవ ముద్రణకు పీఠిక వ్రాయుచు ఆన్, సత్యము చెప్పుటకే తాను వ్రాసితినని, పుస్తకము మంచిదైనచో వ్రాసినవారు స్త్రీయా పురుషుడా యన్న ప్రశ్న పనిలేదని నిలిచినది.

ఆ సెప్టెంబరులో బ్రాన్వెల్ పోయినాడు. డిసెంబరు 19న ఎమిలీ పోయినది. జనవరిలో వైద్యుడు ఆన్‌కును క్షయయే యని తేల్చినాడు. ఎమిలీ మందు ముట్టలేదు, వైద్యుని రానీయలేదు. ఆన్ కాడ్‌లివర్ నూనెతో సహా ఇచ్చినదెల్ల సేవించినది. చావునకు వెరవలేదు గాని, లోకమునకు కొంత మేలు చేయవలెనను తలపులు మనసున మిగిలియున్నవని స్నేహితురాలు ఎలెన్ నస్సీకి జాబు వ్రాసినది. సముద్రపుగాలి కోరినది. ఆమె జ్ఞానస్నానపు తల్లి విడిచిపోయిన 200 పౌన్లు ఖర్చునకు ఉన్నవి.

1849 మే 24న షార్లట్, ఎలెన్ ఆమెను తీసికొని బయలుదేరినారు. దారిలో యార్కు మహాదేవాలయమును చూపించి, మరునాడు స్కార్‌బరో చేరినారు. దిగినది ఒకనాడు తాను గవర్నెస్‌గా వచ్చిన బసలోనే. 26న ఇసుకపై గాడిదబండి ఎక్కినది. బండి పిల్లవాడు గాడిదను తరుముననే జాలితో పగ్గములు తానే పట్టుకొన్నది! ఆదివారము సాయంకాలము కిటికీ ముందు కూర్చుండి సముద్రముపై సూర్యకాంతి వాలుటను చూచినది. సోమవారము మధ్యాహ్నము రెండు గంటల వేళ, తనకు బదులుగ షార్లట్‌కు చెల్లెలివి కమ్మని ఎలెన్‌ను వేడుకొని, ధైర్యము విడువవద్దని అక్కకే చెప్పి, కన్నుమూసినది. ఆ ఇంటివారికి తెలియక, భోజనము సిద్ధమైనదని పిలుపు వచ్చినది.

72 ఏండ్ల తండ్రిచేత ఎనిమిది నెలలలో మూడవ బిడ్డకు అంత్యక్రియలు చూడనిచ్చుటకు షార్లట్‌కు మనసురాలేదు. కోట క్రింద సెయింట్ మేరీ సమాధుల తోటలోనే చెల్లెలిని ఉంచినది. జూనులో ఆమె ఇల్లు చేరగా ఎమిలీ కుక్క, ఆన్ కుక్క పిచ్చి సంతోషముతో ఎగిరినవి; మిగిలినవారు వెనుక వచ్చుచున్నారని వాటి ఆశ. ఆ రాత్రులనుండి షార్లట్ బల్లచుట్టు ఒంటరిగ తిరిగినది.

1850లో 'వుదరింగ్ హైట్స్'ను, 'ఆగ్నెస్ గ్రే'ను షార్లట్ మరల అచ్చువేయించినది. రెండవ నవలను మాత్రము వద్దన్నది. అటువంటి వస్తువును చెల్లెలు ఎన్నుకొనుటయే పొరపాటని, ఆమె మెత్తని స్వభావమునకు అది తగదని ఆమె అభిప్రాయము. నిందించుటకు మనసొప్పదు. అన్న అవమానమును మరల అచ్చులో చూడలేని గుండె అది. అయినను ఆ ప్రేమ చెల్లెలి పుస్తకమునకు అన్యాయమే చేసినది. 1854లో వచ్చిన చవుక ముద్రణలో భాగములు కత్తిరింపగా, ఆ కుంటి పాఠమునే పాఠకులు చాలకాలము చదివినారు. నిజమైన పాఠము నిలిచి, స్త్రీ స్వాతంత్ర్యమును గూర్చిన తొలి ఆంగ్ల నవలలలో అదియు ఒకటియని గుర్తింపు వచ్చుటకు శతాబ్దము పైబడినది.

1852 జూనులో షార్లట్ ఒంటరిగ స్కార్‌బరో పోయి సమాధి దర్శించినది. రాతిపై చెక్కినవారు ఎన్నో తప్పులు చేసియుండగా, మరల చెక్కించినది. ఒక తప్పు ఆమె కంటికిని చిక్కలేదు: ఆన్ వయస్సు 28 అని ఉన్నది. సముద్రపుటుప్పుగాలికి ఆ అక్షరములు రాలిపోసాగిన పిమ్మట, ఈ శతాబ్దమున బ్రాంటీ సంఘమువారు ఆ రాతి చెంత నేలపై మరియొక ఫలకమును పరచినారు. అందు 29 అని ఉన్నది.