చక్రనిర్మాత ఫెర్రిస్

తిరునాళ్లలోను జాతరలలోను రంగులరాట్నము నెక్కి సంతోషింపని బాలుడు మనలో నరుదు. ఆ రాట్నము మిక్కిలి పెద్దదైనచో దానిని జెయింట్ వీల్ అనుచున్నారు. పాశ్చాత్య దేశములలో దానికి ఫెర్రిస్ చక్రమని పేరు. ఆ పేరు ఒక మనుష్యునిది. ఆయన వినోదములు చూపి ధనమార్జించు వర్తకుడు కాడు. వంతెనల యుక్కును పరీక్షించుటయే వృత్తిగా గల యింజనీరు. ఆ వృత్తికిని ఈ చక్రమునకును గల సంబంధము మనము తెలిసికొనదగినది.

జార్జి వాషింగ్టన్ గేల్ ఫెర్రిస్ 1859వ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇల్లినాయ్ రాష్ట్రమందలి గేల్స్‌బర్గ్ పట్టణమున జన్మించెను. అయిదేండ్ల ప్రాయమున తల్లిదండ్రులతో గూడ పశ్చిమమున నున్న నెవాడాకు తరలిపోయెను. 1876లో కాలిఫోర్నియాలోని ఓక్లండు సైనిక విద్యాలయమున చదువు ముగించెను. పిమ్మట న్యూయార్కు రాష్ట్రమందలి ట్రాయ్ పట్టణములో రెన్సలేర్ పాలిటెక్నిక్ సంస్థయందు చేరి, 1881లో సివిల్ ఇంజనీరింగు పట్టమును పొందెను.

ఆ కాలమున అమెరికాలో రైలుమార్గములు శీఘ్రముగా వ్యాపించుచుండెను. నదులపై ఇనుప వంతెనలు లేచుచుండెను. కొన్ని కూలుచును నుండెను. 1876 డిసెంబరు 29వ తేదీ రాత్రి ఒహాయో రాష్ట్రమందలి ఆష్టబ్యూలా యొద్ద మంచు కురియుచుండగా వంతెన విరిగి రైలుబండి లోయలో పడినది. సుమారు 90 మంది మృతినొందిరి. పోత యినుప భాగములో దాగియున్న లోపమే వంతెన విరుగుటకు ఒక ముఖ్యకారణము. వెలుపల నునుపుగా నున్న లోహము లోపల బోలుగా నుండవచ్చును. కంటికి కానరాని చిన్న పగులు క్రమముగా పెరిగి ఒకనాడు ప్రాణములు తీయవచ్చును. కావున ఉక్కు కర్మాగారమును విడుచుటకు పూర్వమే దానిని పరీక్షించు నిపుణులు కావలసివచ్చిరి.

ఫెర్రిస్ రైలుమార్గములయందును వంతెనలయందును పనిచేసి అనుభవము గడించిన మీదట, పిట్స్‌బర్గ్ నగరమున తన పేర నొక సంస్థను స్థాపించెను. వంతెనలు కట్టువారికొరకు లోహమును పరీక్షించుట ఆ సంస్థ పని. ఇట్టి పరీక్షలో ఉక్కునుండి తునుకను గోసి, యంత్రమున బిగించి, తెగువరకు లాగుదురు. ఎంత బలమునకు తెగినదో, తెగకముందు ఎంత సాగినదో కొలుతురు. సాగక ఫెళ్లున విరుగు ఉక్కును త్రోసివేయుదురు. ఈ పనిని మెచ్చుకొను ప్రజలు లేరు; నిలిచిన వంతెనను చూచి, నిలువని లోహమును ముందే తీసివేసినవాని నెవ్వరు తలతురు?

1893లో షికాగో నగరమున గొప్ప ప్రపంచప్రదర్శన జరిగెను. అంతకు పూర్వము 1889లో పారిసు ప్రదర్శనకు ఐఫెల్ గోపురము కీర్తి తెచ్చియుండెను. దానిని మించునట్టి నిర్మాణ మేదియు అమెరికా ఇంజనీర్లు చూపలేకున్నారని షికాగో నిర్మాణాధికారియగు డేనియల్ బర్న్‌హామ్ వారిని రెచ్చగొట్టెను. ఫెర్రిస్ తన మహాచక్రమును ప్రతిపాదించెను. అంత సన్నని కమ్ములతో అంత భారము నిలుచుట యసంభవమని పలువురు పెద్దలు నిరాకరించిరి. ఆయన లెక్కలనే తన పక్షమున నిలిపి, 1892 డిసెంబరులో అనుమతిని సంపాదించెను. ప్రదర్శన ప్రారంభమునకు అయిదు మాసములైనను లేవు.

ఆ చక్రము ఎత్తు 264 అడుగులు. వ్యాసము 250 అడుగులు. ఇరుసు పొడవు 45 అడుగులకు మించినది. దాని బరువు సుమారు 45 టన్నులు. దానిని బెత్లెహేము ఇనుప కర్మాగారమువారు చేసిరి. చుట్టును 36 గదులు వ్రేలాడుచుండెను. ఒక్కొక్క గదికి 60 మంది చొప్పున ఒక్కసారి 2160 మంది ఎక్క వీలుండెను. మన యెద్దుబండి చక్రమున ఆకులు మ్రాకువలె నిలిచి బరువు మోయును. ఫెర్రిస్ చక్రమందలి ఆకులట్లు కావు. సైకిలు చక్రమందువలె అవి లాగిపట్టిన సన్నని యుక్కు కమ్ములు. చక్రపు అడుగుభాగము ఆ కమ్ములతో ఇరుసునుండి వ్రేలాడును. కావున ప్రతి కమ్మియు, ప్రతి అతుకును నిర్దోషముగా నుండవలెను. పరీక్షకుని వృత్తి నెరిగినవాడే ఇట్టి యూహకు సాహసింపగలడు.

ఆ శీతకాలమున షికాగో నేల గడ్డకట్టియుండెను; దాని క్రింద నీరూరు ఇసుక. ఆవిరితో నేలను కరగించుచు, రాత్రింబవళ్లు నీరు తోడుచు, 30 అడుగులకు మించిన లోతున పునాదులు వేసిరి. జూన్ 9వ తేదీన గదులు లేకయే చక్రమును మొదటిసారి త్రిప్పిరి. పనివారు మరచిన మరలును పనిముట్లును పైనుండి రాలినవి. ఆ పరీక్ష నడుపుటలో గల ప్రయోజన మిదియే. మనుష్యు లెక్కకముందే రాలవలసినది రాలవలెను. రెండు దినముల పిమ్మట ఆరు గదులను తగిలించి త్రిప్పగా, ఎక్కిన మొదటివారిలో ఫెర్రిస్ భార్య మార్గరెట్ ఉండెను. జూన్ 21న చక్రము ప్రజలకు తెరువబడెను. వేసవిలో పెనుగాలివానలు వీచినను అది చెక్కుచెదరలేదు. 50 సెంట్లు రుసుము చెల్లించి 14 లక్షలకు పైగా జనులు సురక్షితముగా తిరిగివచ్చిరి.

చక్రము నిలిచెను గాని నిర్మాత నిలువలేదు. లాభములో భాగమును గూర్చి ప్రదర్శనాధికారులతో వ్యాజ్యములు పుట్టెను; అప్పులు పెరిగెను. 1895లో షికాగోలోనే మరియొక చోట చక్రమును నిలిపినను జనము చాలినంత రాలేదు. 1896 నవంబరులో ఫెర్రిస్ సన్నిపాత జ్వరముచే పిట్స్‌బర్గ్ ఆసుపత్రిలో 37 ఏండ్ల వయస్సున మరణించెను. చక్రము 1904లో సెయింట్ లూయీ ప్రదర్శనమున మరల తిరిగెను. 1906లో దానిని పడగొట్టుటకు డైనమైటు కావలసివచ్చెను.

ఈ జీవితమునుండి మనము గ్రహింపదగిన దొకటి కలదు. తిరుగు చక్రమున ప్రతి కమ్మియు ఒక్కొక్క చుట్టునందు బిగియుచు సడలుచుండును. తీగను పలుమారు వంచినచో తెగునట్లే, లోహమును ఈ మార్పులచే క్రమముగా అలయును. కావున ఒకనాడు నిర్దోషమని తేలినది ఎల్లకాలము నిర్దోషము కాదు. ఊరూర విప్పి మరల బిగించు జాతర రాట్నముల విషయమున ఇది మరింత సత్యము. ప్రతి బిగింపును ఒక క్రొత్త నిర్మాణమే. మరలు బిగిసినవా, మేకులు స్థానముననున్నవా, నేల కుంగుచున్నదా, ఇరుసు అరిగినదా యని ప్రతిదినమును చూడవలెను. లోపము కనబడిన నాడు, వెలుపల జనము బారులు తీరి వేచియున్నను, రాట్నము నాపువాడే మన ప్రాణమిత్రుడు. విద్యార్థులారా! మీలో నెవ్వరైన నట్టి యుద్యోగమును వహించిన యెడల, ప్రశంసకై చూడక, పై గదిలో నవ్వుచున్న బిడ్డలను తలచుకొని మీ పనిని నెరవేర్చుడు.