ఆకుకూర మహిమను మాత్రలో అందించిన డాక్టర్ సుబ్బారావు

పాలంపేట పేరు చెబితే అందరికీ రామప్ప గుడి, దాని వెనుక చెరువు గుర్తొస్తాయి. వరంగల్ జిల్లాలో ఉండిన ఈ ఊరు ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఊరికి చూడవచ్చేవారు పెరిగారు. అయితే మేము మొన్న అక్కడికి వెళ్లింది గుడి చూడటానికి కాదు. మా ఖాలా గారి కోడలికి అయిదో నెల. పలకరించి వద్దామని వెళ్లాము.

పిల్ల మొహం పాలిపోయి ఉంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతోంది. ఆశా కార్యకర్త ఇచ్చిన ఎర్ర మాత్రలు ఏవని అడిగితే తలవంచుకుంది. తర్వాత వంటింట్లో బియ్యం డబ్బా వెనుక ఆ పొట్లాలు కనిపించాయి, ఒక్కటి కూడా చింపలేదు. వేసుకుంటే కడుపులో తిప్పుతోందట, విరేచనం నల్లగా వస్తోందట. పైగా బిడ్డ నల్లగా పుడతాడని ఎవరో చెప్పారట. ఇక భోజనానికి కూర్చుంటే దస్తర్‌ఖాన్ మీద అన్నం, మాంసం, పచ్చిపులుసు ఉన్నాయి గాని ఆకుకూర మాత్రం లేదు. చెరువు కింది మళ్ల గట్ల మీద గంగవాయిలి కూర కాళ్లకు తగులుతూ ఉంటుంది. అది లేనివాళ్ల తిండి అని ఖాలా ఉద్దేశం.

ఆ రాత్రి మేము ఆ పిల్లకు మాత్ర గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ మాత్రలో ఉన్న మనిషి కథ చెప్పాము. పాఠకులకూ అదే చెబుతున్నాము.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో లేమి. చదువు మీద మొదట్లో మనసు నిలవలేదు. కాశీకి పోయి యాత్రికులకు పండ్లు అమ్ముకుని బతుకుదామని చిన్నతనంలో ఇల్లు విడిచి పోబోతే వెనక్కి పట్టుకొచ్చారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. తండ్రి పోయాక ఆ చదువు ఆగకుండా నడిచింది తల్లి వెంకమ్మ పట్టుదల వల్లనే. మద్రాసు వైద్య కళాశాలలో చేరాక, స్వాతంత్ర్యోద్యమ రోజులు కాబట్టి ఖద్దరు కట్టారు. అది సర్జరీ ప్రొఫెసరుకు గిట్టలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. వచ్చింది.

ఆ ఇంటి మీద దెబ్బ పడింది కూడా ఆ కాలంలోనే. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో ఒకే జబ్బుతో చనిపోయారు. దాని పేరు స్ప్రూ. మన వైద్యులు సంగ్రహణి అనేవారు. నెలల తరబడి విరేచనాలు, పుండైన నాలుక, రోజురోజుకూ కరిగిపోయే ఒళ్లు. తిన్న తిండి పేగులోంచి జారిపోతుంది గాని ఒంటికి పట్టదు. నెత్తురు పలచబడుతుంది. సుబ్బారావు గారికి సైతం ఆ జబ్బు సోకిందని, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. సోదరులను తీసుకుపోయిన జబ్బుకు మందు డాక్టరైన తన చేతిలో లేకపోయింది. ఆ బాధే ఆయన్ను ఓడ ఎక్కించిందని మా అభిప్రాయం.

1922 అక్టోబరులో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. ప్రయాణానికి మామగారు, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయపడ్డారు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువు. పొట్ట గడవటానికి ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. కొద్ది ఏళ్లలో తిరిగి వస్తానని వెళ్లిన మనిషి మళ్లీ ఈ నేల మీద అడుగు పెట్టలేదు. ఇది చెబుతుంటే కోడలు పిల్ల కళ్లు తుడుచుకుంది.

హార్వర్డులో ఆయన చేసిన పని పెద్దదే. నెత్తురులో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాలను వెలికితీశారు. అయినా అక్కడ స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల సంస్థలో చేరి, త్వరలోనే పరిశోధనలకు డైరెక్టరయ్యారు.

ఇక్కడ కథ కాస్త వెనక్కి, మన దేశానికే రావాలి. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చారు. గర్భిణులు నెత్తురు పలచబడి ఎందుకు చనిపోతున్నారో తెలుసుకోవటం ఆమె పని. ఎవరు ఏమి తింటున్నారో పరిశీలించారు. అందరికంటే నాసి తిండి తింటున్నదీ, అందరికంటే ఎక్కువగా ఆ జబ్బు పడుతున్నదీ పేద ముస్లిం స్త్రీలేనని తేలింది. మద్రాసు గోషా ఆస్పత్రిలో కూడా ఆమె పనిచేశారు. ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే ఆ స్త్రీలు తేరుకున్నారు. అందులో ఏదో ఉంది, అదేమిటో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలోని టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరను వడకట్టి అటువంటి పదార్థాన్నే రవ్వంత రాబట్టారు. ఆకులో దొరికింది గనుక లాటిన్ భాషలో ఆకును సూచించే మాటతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

అయితే నాలుగు టన్నుల ఆకును ఎవరు వండగలరు, ఎవరు తినగలరు? ఆ ముడి విప్పింది సుబ్బారావు గారి బృందం. కాలేయం నుంచి దాన్ని శుద్ధిగా వేరుచేసి, దాని నిర్మాణం కనిపెట్టి, 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది. టామ్ స్పైస్ అనే వైద్యుడు క్యూబా, ప్యూర్టోరికోల్లో స్ప్రూ రోగులకు దాన్నిచ్చి చూస్తే నెత్తురు మళ్లీ పట్టింది, ఆకలి పుట్టింది.

ఆయన పర్యవేక్షణలోనే ఫైలేరియా మందు హెట్రజాన్ వచ్చింది. బోదకాలు రాకుండా మన ఊళ్లలో ఏటా మింగించిన మాత్ర అదే. ఫోలిక్ యాసిడ్‌కు విరోధిగా పనిచేసే మందులూ అక్కడే తయారై, పిల్లల రక్త క్యాన్సరుకు మొదటిసారి కళ్లెం వేశాయి. 1948లో టెట్రాసైక్లిన్ జాతికి మొదటిదైన ఆరియోమైసిన్ లోకానికి తెలిసింది. స్ప్రూకు నేటికీ ఇచ్చే చికిత్స ఫోలిక్ యాసిడ్, దానితో పాటు టెట్రాసైక్లినే. సోదరుల ప్రాణం తీసిన జబ్బుకు రెండు మందులూ ఆయన ఉన్న చోటి నుంచే వచ్చాయన్న మాట. ఆ ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, ఆయన నిద్రలోనే కన్నుమూశారు. మన పల్లెల్లో ఆయన పేరు ఎరిగినవారు ఎందరు?

ఇక మన వంటిళ్ల సంగతి. ఫోలిక్ యాసిడ్ మూలపదార్థం తోటకూరలో, పాలకూరలో, మెంతికూరలో, పుంటికూరలో ఉంది. ఇఫ్తార్‌కు మనం ఉడికించే శనగల్లో ఉంది, పెసల్లో ఉంది. బక్రీద్ నాడు ముందుగా పొయ్యికెక్కే కలేజీలో కూడా ఉంది గాని, అందులో ఏ విటమిన్ మోతాదు మించి ఉండటం వల్ల గర్భిణులు దాన్ని ఎక్కువగా తినరాదు. ఆకుకూర విషయంలో మనం చేసే పొరపాటు ఒకటుంది. కోసి కడుగుతాము, ఉడికించి నీళ్లు పారబోస్తాము, లేదా గోష్తుతో పాటు గంటసేపు మరిగిస్తాము. ఈ విటమిన్ నీటిలో కరిగిపోతుంది, వేడికి నశిస్తుంది. కడిగాకే కోయాలి, మాంసం మెత్తబడ్డాక చివర్లో ఆకు వేసి దించాలి.

గర్భం వచ్చాక మొదటి నాలుగు వారాల్లోనే బిడ్డ వెన్నుపాము రూపు కడుతుంది. అప్పటికి చాలామంది తల్లులకు తాము గర్భవతులమనే తెలియదు. ఫోలిక్ యాసిడ్ ముందునుంచీ వాడితే వెన్ను లోపాలు బాగా తగ్గుతాయని 1991లో బ్రిటన్‌లో ముగిసిన పరిశీలన రుజువు చేసింది. కాబట్టి పెళ్లయిన ఆడపిల్ల పళ్లెంలో ఆకుకూర ముందునుంచే ఉండాలి. బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే డాక్టరును అడిగి మాత్ర వాడాలి.

ఆశా కార్యకర్తలు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. విరేచనం నల్లబడేది ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము వల్ల. దానివల్ల హాని లేదు, బిడ్డ రంగుకూ దానికీ సంబంధం లేదు. కడుపులో తిప్పితే రాత్రి భోజనం తర్వాత వేసుకోవచ్చు.

మర్నాడు ఖాలా మమ్మల్ని అడగకుండానే గట్టు మీది గంగవాయిలి కోయించి తెప్పించింది. గోష్తు ఉడికాక చివర్లో వేసింది. పొట్లాలు బియ్యం డబ్బా వెనుక నుంచి నీళ్ల బిందె పక్కకు వచ్చాయి. కోడలు మాత్రం చాయ్ వదలనంది. చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు కనుక మాత్రకూ చాయ్‌కూ మధ్య రెండు గంటలు ఎడం ఉంచమన్నాము, సరేనంది.