షాండోర్ కొచిష్

ఫుట్‌బాల్ ఆటగాళ్లు సాధారణంగా పాదాల నేర్పుతో పేరు గడిస్తారు. షాండోర్ కొచిష్ తలతో గడించాడు. గాలిలోకి లేచి బంతిని తలతో గోలులోకి పంపడంలో ఆయనకు సాటి లేరు. అందుకే అభిమానులు ఆయనను 'బంగారు తల' అని పిలుచుకున్నారు.

కొచిష్ 1929లో హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో జన్మించాడు. ఫెరెన్స్‌వారోష్ జట్టులో ఆడి, తరువాత సైన్యానికి చెందిన హోన్వేద్ జట్టులో చేరాడు. దేశం తరఫున 68 మ్యాచ్‌లలో 75 గోల్స్ చేశాడు.

1954లో స్విట్జర్లాండ్‌లో జరిగిన ప్రపంచకప్ పోటీలలో ఆయన ఒక్కడే 11 గోల్స్ చేశాడు. సెమీఫైనల్‌లో ఉరుగ్వేపై అదనపు సమయంలో ఆయన చేసిన రెండు గోల్స్‌తోనే హంగరీ ఫైనల్ చేరింది. కాని బెర్న్ నగరంలోని వాంక్‌డోర్ఫ్ మైదానంలో జరిగిన ఫైనల్‌లో ఆయనకు ఒక్క గోలూ దక్కలేదు. పశ్చిమ జర్మనీ 3-2 తేడాతో గెలిచింది.

1956లో హంగరీ ప్రజల తిరుగుబాటును సోవియట్ సైన్యం అణచివేసినప్పుడు హోన్వేద్ జట్టు విదేశాలలో ఉంది. కొందరు ఆటగాళ్లు స్వదేశానికి మరలిపోయారు. కొచిష్ మరలలేదు. ఇరవై ఏడేళ్ల వయసులో, ఆట పరిపక్వమైన దశలో, జాతీయ జట్టుకు శాశ్వతంగా దూరమయ్యాడు. కొంతకాలం జ్యూరిక్‌లో ఆడి, 1958లో స్పెయిన్‌లోని బార్సిలోనా జట్టులో చేరాడు.

1961లో యూరోపియన్ కప్ ఫైనల్ ఆయనను మళ్లీ అదే వాంక్‌డోర్ఫ్ మైదానానికి చేర్చింది. ఇటువంటి యాదృచ్ఛికం క్రీడాచరిత్రలో అరుదు. ఈసారి కొచిష్ తలతో గోలు చేశాడు. అయినా బార్సిలోనా పోర్చుగల్‌కు చెందిన బెన్ఫికా చేతిలో ఓడిపోయింది. ఫలితం మళ్లీ 3-2!

కొచిష్ 1979లో బార్సిలోనాలోనే కన్నుమూశాడు. ఆయన అవశేషాలు 2012లో బుడాపెస్ట్ చేరాయి.