మన్యం మాత్ర వెనుక భీమవరం మేధస్సు

అరకులోయ: మన్యంలోని ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు పంపిణీ చేస్తారు. సికిల్‌సెల్ రక్తహీనతతో బాధపడే గిరిజనులకూ వైద్యులు ఫోలిక్ యాసిడ్ వాడిస్తారు. అది సికిల్‌సెల్‌ను నయం చేయదు కానీ, కొత్త ఎర్ర రక్తకణాలు తయారుకావడానికి అత్యవసరం. ప్రయోగశాలలో ఆ ఔషధాన్ని తయారుచేసిన బృందానికి సారథి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మాత్ర వేసుకునే వారిలో ఆయన పేరు తెలిసినవారు తక్కువే.

ఇంటిపై వ్యాధి దెబ్బ

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పేద కుటుంబంలో జన్మించారు. రాజమండ్రిలో చదువుకున్నారు. మద్రాసులో మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులై, తరువాత వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపునందుకుని ఖద్దరు ధరించడం ఆంగ్లేయ ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. రక్తహీనతను కలిగించే స్ప్రూ అనే పేగుల వ్యాధి సోదరుడు పురుషోత్తంను బలిగొన్నది. అదే వ్యాధి సోకిన సుబ్బారావు, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. ఇటువంటి వ్యాధులకు మందు కనుగొనాలన్న పట్టుదల ఆయనను పరిశోధన వైపు నడిపించింది.

రాత్రి ఆసుపత్రి.. పగలు ప్రయోగశాల

మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అందించిన సాయంతో 1923 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమాకు చేరినా ఉపకార వేతనం లేదు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పని చేశారు.

అనంతరం జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే వద్ద పరిశోధక విద్యార్థి అయ్యారు. ద్రావణంలో ఏర్పడే నీలిరంగు గాఢతను బట్టి భాస్వరం పరిమాణాన్ని లెక్కగట్టే విధానాన్ని 1925లో ఇద్దరూ ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. ఆ పరీక్షే ఆధారంగా 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది ఏటీపీని విడిగా కనుగొన్నారు. ఇంతటి కృషి అనంతరం 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ లభించింది.

దక్కని పదవి.. ఆగని కృషి

హార్వర్డ్‌లో శాశ్వత పదవి దక్కకపోవడంతో 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు. అక్కడ ఆయన నేతృత్వంలోని బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. సోదరుని పొట్టనబెట్టుకున్న స్ప్రూకు అది మందుగా పనిచేసింది. దాని నిర్మాణాన్నే కొద్దిగా మార్చి రూపొందించిన అమైనోప్టెరిన్, పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా అణచగలదని 1948లో బోస్టన్ వైద్యులు వెల్లడించారు. నేటికీ వాడుకలో ఉన్న మెథోట్రెక్సేట్ కూడా ఆ పరిశోధనల ఫలమే. గోదావరి జిల్లాలను పీడించిన బోదకాలుకు వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్ యాంటీబయోటిక్ సైతం ఆయన పర్యవేక్షణలోనే వెలువడ్డాయి. అయినా కీర్తిని సహచరులకే వదిలి తాను తెరవెనుకే ఉండిపోయారు.

1948 ఆగస్టులో 53 ఏళ్ల వయసులో, భారత పౌరుడిగానే, అమెరికాలో కన్నుమూశారు. విదేశానికి వెళ్లిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే చనిపోగా, సుబ్బారావు ఆ బిడ్డను చూడలేకపోయారు. భర్త రాకకై ఎదురుచూసిన భార్య శేషగిరికి ఆయనను మళ్లీ చూసే భాగ్యం కలగలేదు. భారత ప్రభుత్వం శతజయంతి సందర్భంగా 1995లో ఆయన తపాలా బిళ్ల విడుదల చేసింది.