ఇరావతీ కర్వే: కొలిచి చూసిన మనిషి, కలిసి నడిచిన మనిషి

మన బడిలో ఎవరిని అడిగినా పుట్టిన ఊరు ఒకటి, చదివిన ఊళ్ళు మూడు నాలుగు చెబుతారు. సమాజశాస్త్రంలో గొప్ప పేరు తెచ్చుకున్న ఇరావతీ కర్వే బాల్యం కూడా అలాంటిదే. ఆమె 1905 డిసెంబరు 15న బర్మాలో పుట్టారు. తండ్రి ఉద్యోగం అక్కడే. ఆ దేశంలోని పెద్ద నది పేరే కూతురికి పెట్టుకున్నారు. ఏడేళ్ళ వయసులో చదువు కోసం ఆమెను పూణే పంపించారు.

ఇరావతి 1926లో ఫెర్గూసన్ కళాశాలలో తత్వశాస్త్రంలో పట్టా పొందారు. తర్వాత బొంబాయిలో ఆచార్య ఘుర్యే దగ్గర సమాజశాస్త్రం చదివారు. స్త్రీవిద్య కోసం పాటుపడిన ధోండో కేశవ్ కర్వే కుమారుడు దినకర్‌ను పెళ్ళి చేసుకున్నారు. భర్త ప్రోత్సాహంతో 1928లో పరిశోధన కోసం జర్మనీలోని బెర్లిన్ వెళ్ళారు.

అక్కడ ఆమెకు పెద్ద పరీక్ష ఎదురైంది. ఆమె ఆచార్యుడు ఆయిగెన్ ఫిషర్‌కు తెల్లజాతివారే తెలివిగలవారని నమ్మకం. అందువల్ల వాళ్ళ పుర్రెల్లో కుడి, ఎడమ భాగాల తేడా ప్రత్యేకంగా ఉంటుందని ఆయన ఊహ. దాన్ని పరీక్షించే పని ఇరావతికి అప్పగించారు. ఆమె 149 పుర్రెలను ఓపికగా కొలిచారు. జాతికీ ఆ తేడాకూ సంబంధమే కనిపించలేదు. పరాయి దేశం, పట్టా ఇవ్వవలసినది ఆ ఆచార్యుడే. అయినా అంకెలు చెప్పిందే రాశారు. ఆచార్యుడికి అది నచ్చకపోయినా డాక్టరేట్ మాత్రం వచ్చింది.

తిరిగి వచ్చాక 1939 నుంచి పూణేలోని డెక్కన్ కళాశాలలో పనిచేశారు. కొలత సాధనాలు పట్టుకుని ఊరూరా తిరిగారు. మనుషుల ఎత్తు, తల కొలతలు రాసుకున్నారు. కానీ మనుషులు ఎలా బతుకుతారో తెలియాలంటే కొలతలు చాలవు. అందుకే వాళ్ళ మాటలు కూడా వినేవారు. ఏ భాషలో చుట్టాలను ఏమని పిలుస్తారో సేకరించారు.

ఈ సంగతి మనకు సులభంగా అర్థమవుతుంది. తెలుగులో నాన్న చెల్లెలు అత్త, మేనమామ భార్య అత్త, పెళ్ళయ్యాక భర్త తల్లి కూడా అత్తే. హిందీ మాట్లాడే మన స్నేహితులు మాత్రం బువా, మామీ, సాస్ అని మూడు వేరు మాటలు వాడతారు. మన వైపు మేనరికం పెళ్ళిళ్ళు ఉన్నాయి, అక్కడ ఆ ఆచారం లేదు. పిలుపులోనే పెళ్ళి ఆచారం దాగి ఉందన్నమాట. ఇలాంటి పరిశీలనలతో 1953లో భారతదేశపు బంధుత్వాలపై ఆమె ఆంగ్లంలో పెద్ద పుస్తకం రాశారు. అందులో దేశాన్ని ఉత్తర, మధ్య, దక్షిణ, తూర్పు మండలాలుగా విభజించి చూపారు.

ఒకసారి పండరీపురం యాత్రికులతో కలిసి కాలినడకన వెళ్ళారు. పగలంతా ఒకే విఠలుని పేరు పాడుతూ నడిచినవాళ్ళు భోజనం వేళకు కులాలవారీగా విడిపోవడం చూసి బాధపడ్డారు. తాను వేరే కులం స్త్రీలతో కూర్చుని తిన్నారు. ఆ తర్వాత వాళ్ళు తనతో మరింత చనువుగా మెలగడం గమనించి, ఆ అనుభవాన్ని వ్యాసంగా రాశారు. ఏ కొలబద్దా చూపలేని విషయం అది.

కోయినా ఆనకట్ట వల్ల ఊళ్ళు పోగొట్టుకున్న కుటుంబాలను కూడా ఆమె సర్వే చేశారు. ఆ నివేదిక 1969లో వచ్చింది. మహాభారత పాత్రలను మామూలు మనుషులుగా చూస్తూ మరాఠీలో రాసిన 'యుగాంత'కు 1968లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 1970 ఆగస్టు 11న ఆమె కన్నుమూశారు.

బదిలీ మీద కొత్త ఊరు వెళ్ళినప్పుడు మనం కూడా ఇలా చేయవచ్చు. మన వీధిలో ఎన్ని ఇళ్ళు, ఎన్ని భాషలు ఉన్నాయో లెక్క రాసుకోవచ్చు. తర్వాత ఒక ఇంట్లో కూర్చుని వాళ్ళు చెప్పేది వినవచ్చు. రెండూ కలిస్తేనే ఆ ఊరు అర్థమవుతుంది. మనం అనుకున్నది తప్పని తేలినా సరే, చూసిందే రాయాలి. ఇరావతీ కర్వే చేసింది అదే.