డోర్నకల్లు బిషప్ అజరయ్యగారి నిత్యపారాయణము



వేదాంతశాస్త్రమున శ్రవణ మనన నిదిధ్యాసనములని మూడు మెట్లు చెప్పబడియున్నవి. గురుముఖమున వినుట మొదటిది. విన్నదానిని మరల మరల తలపోయుట రెండవది. తలపోసినది తన స్వభావమే యగునంతవరకు దానియందే నిలుచుట మూడవది. మొదటి మెట్టున కూర్చుండి మూడవదానిని వర్ణించు పండితులు అన్ని మతములందును గలరు. ఎక్కినవారు అరుదు. అట్టి యరుదైనవారిలో నొకరుగా డోర్నకల్లు బిషప్ వేదనాయకము సామ్యూలు అజరయ్యగారిని నే నెంచుదును. వారు మన కులమువారు కారు. మనలో పెక్కుమంది మతమువారును కారు. తన కులాభిమానమునే విడిచినవాని చరిత్రమును కులసంఘపు వార్షిక సంచికలో ప్రకటించుట తగునా యని కొందరడుగవచ్చును. తగునని నా యభిప్రాయము. ఏల తగునో చదువరులు కథలోనే గ్రహింపగలరు.

అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి జిల్లాలోని వెళ్లాలన్‌విళై యను చిన్న గ్రామమున జన్మించిరి. అది యిసుకనేలల సీమ, తాటిచెట్ల సీమ. వానకై మొగమెత్తి చూచుట యెట్టిదో ఆ సీమవారికి తెలియును గనుక, మన కుందుర్పివారు వారిని సులభముగనే అర్థము చేసికొనగలరు. వారి జాతివారు నాడారులు. తాళ్లెక్కి నీరా తీసి, బెల్లము వండి జీవించిన కుటుంబములు వారిలో పెక్కు. 19వ శతాబ్దమున వారికి దేవాలయ ప్రవేశము లేకుండెను. తండ్రి థామస్ వేదనాయకముగారు హైందవ కుటుంబమున పుట్టి, క్రైస్తవము స్వీకరించి, గ్రామమున గురువైనవారు. ఈ పేరు నా బోటి సంస్కృతపాఠకునకు మిక్కిలి వింతగా తోచును. తమిళదేశపు క్రైస్తవులు బైబిలును వేదమనియే వ్యవహరింతురు. వేదము చెవిని పడుటకైనను అర్హత లేదని దూరముంచబడిన జాతిలో నొకడు వేదనాయకుడయ్యెను. అతని కుమారుడు ఆ పేరును తన పేరునకు ముందుంచుకొని లోకమంతట తిరిగెను.

చిరకాలము ప్రార్థించిన మీదట కలిగిన కుమారుడగుటచే తల్లిదండ్రులు బిడ్డనికి సామ్యూలని పేరిడిరి. బైబిలులో హన్నా యను నామె సంతానమునకై దేవాలయమున విలపించి, పుట్టిన సమూయేలును దేవునికే యర్పించిన కథ యున్నది. బాల్యముననే తండ్రి గతింపగా, తల్లి ఎల్లెనమ్మగారు కుమారుని కట్టుదిట్టముగా పెంచిరి. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువుచుండగా, బి.ఏ. పట్టపు పరీక్షలో గణితము వ్రాయవలసిన సమయమున జబ్బుపడుటచే ఆయనకు పట్టము రాలేదు. తరువాత 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టము నిచ్చి ఆ లోటు తీర్చినది. పరీక్ష తప్పిన పిల్లలను చూచి పెదవి విఱుచు తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక.

1895లో అజరయ్యగారు క్రైస్తవ యువజన సంఘమున కార్యదర్శిగా చేరి, 1909 వఱకు దక్షిణదేశమంతట సంచరించిరి. ఆ దినములలో ఆ సంఘమువారు విద్యార్థులకు ఒక నియమము బోధించుచుండిరి. తెల్లవారకముందే లేచి, ఇతర పనులేవియు ముట్టకమునుపు, గ్రంథములోని కొంతభాగమును చదివి, దానిని గూర్చి మౌనముగా తలపోసి ప్రార్థింపవలెను. మన బ్రాహ్మీముహూర్తపు అనుష్ఠానమునకును దీనికిని పోలిక స్పష్టమే. గురుపట్టము పొందిన పిమ్మట దీనికి ఆంగ్ల సంఘపు విధి తోడయ్యెను. ఆ విధి ననుసరించి కీర్తనల గ్రంథమందలి 150 కీర్తనలను ఉదయ సాయంకాలములకు పంచి ముప్పది దినములలో పూర్తిచేయుదురు. నెల మారగానే మరల మొదలు. ఇట్లు ఏండ్ల తరబడి చదివినవానికి గ్రంథము వేఱు, శ్వాస వేఱు కాకుండ పోవును. అయితే పారాయణము చేసినవారందఱును మారుదురా? మారరు. చిలుకయు పలుకును. అజరయ్యగారి విషయమున చదివినది ఎచ్చట నడవడియై బయలుపడెనో చూపుటయే నా పని.

మొదటిది వివాహము. 1898లో ఆయన అన్బు మరియమ్మగారిని పెండ్లాడిరి. ఆమె ఆ కాలముననే కళాశాలలో చదివిన విదుషి. కట్నము పుచ్చుకొనక, ఆడంబరము లేక ఆ వివాహము జరిగెను. ఈ సంచికను చేతబట్టిన పోషక మహాశయులలో పెండ్లీడు కుమారులు గలవారు ఈ వాక్యమును మఱియొకసారి చదువ ప్రార్థితులు.

రెండవది, 1902లో సింహళమందలి జాఫ్నాకు పోయినపుడు కలిగినది. అచ్చటి తమిళ క్రైస్తవులు తామే ధనము కూర్చి దూరదేశములకు బోధకులను పంపుచుండిరి. అంతకంటె సంఖ్యలో పెద్దదియు ప్రాచీనమునగు తన తిరునెల్వేలి సంఘము అట్టిపని చేయకుండుట ఆయన మనస్సున ముల్లువలె నాటెను. మఱుసటి సంవత్సరము, అనగా 1903 ఫిబ్రవరిలో, తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘము స్థాపింపబడెను. మనుష్యులు ఈ దేశమువారే, ధనము ఈ దేశముదే, పరిపాలనము ఈ దేశమువారిదే యని దాని నియమము. ఆ సంఘము తన క్షేత్రముగా నెంచుకొన్నది నైజాము రాజ్యమందలి డోర్నకల్లు, అనగా నేటి తెలంగాణములోని మహబూబాబాదు జిల్లాలో బొగ్గుగనుల దారి చీలుచున్న రైల్వే కూడలి. ఇతరులను పంపి తాను మదరాసున సుఖముగా నుండుట ఆయనకు సరిపడలేదు. 1909లో కార్యదర్శి పదవి వదలి, గురుపట్టము పొంది, ముప్పదియైదేండ్ల వయస్సున తెలుగు అక్షరములు దిద్దుకొనుచు డోర్నకల్లు చేరిరి. పరభాషను ప్రౌఢవయస్సున నేర్చుట యెంత కష్టమో ఉపాధ్యాయులకు తెలియును. ఆయన తెలుగున బోధించుటయే కాక, పిమ్మట గ్రంథములును వ్రాసిరి.

ఇక మూడవది ప్రపంచమెఱిగినది. 1910లో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున లోకమందలి మిషనుల మహాసభ జరిగెను. దొరల నడుమ నిలిచి, భారతీయులకును దొరలకును గల సంబంధమును గూర్చి అజరయ్యగారు ప్రసంగించిరి. సహాయము చేయు దొర సాటి సేవకుని తన యింట కూర్చుండబెట్టి యన్నము పెట్టకుండుటను, యజమానివలె మెలగుటను ఆయన దాచక చెప్పిరి. సభలో కొందఱు కినిసిరి. కాని చివఱ చెప్పిన మాటలు కినుకతో పుట్టినవి కావు. కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయమున, సర్వస్వము బీదలకు పంచిపెట్టినను, దేహమునే దహనమునకు అప్పగించినను, ప్రేమ లేనిచో వ్యర్థమని యున్నది. ఆ అధ్యాయమునే ఆయన ఆనాటి దొరలకు అద్దముగా పట్టిరి. వారు ధనమిచ్చిరనియు, ప్రాణములు సహితము ధారపోసిరనియు ఒప్పుకొని, ఇక కావలసినది స్నేహమని ముగించిరి. నిందయు కృతజ్ఞతయు ఒక్క వాక్యమున ఇమిడిన యుపన్యాసములు అరుదు. రాత్రికి రాత్రి గ్రంథము తిరుగవేసి వెదకినవానికి అట్టి మాట దొరకదు. అది నోట నానియుండవలెను.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా మహాదేవాలయమున ఆయన డోర్నకల్లు బిషప్‌గా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున బిషప్ పదవినందిన మొదటి భారతీయుడు ఆయనయే. మదరాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ దొర ఇందుకు తోడ్పడిరి. దొరలలోను, స్వజనులలోను పెక్కుమంది ఎదిరించిరి. మొదట చిన్నదిగా నున్న యా మండలమున తరువాత కృష్ణా జిల్లాలోని సంఘములును, మన రాయలసీమయందలి నంద్యాల, కలసపాడు మొదలగు ప్రాంతముల సంఘములును చేరెను. క్రమముగా క్రైస్తవుల సంఖ్య లక్షకు మించెను. అందధికసంఖ్యాకులు మాలలు, మాదిగలు; ఇతరుల పొలములలో కూలిచేసి బ్రదుకువారు; అక్షరము నెఱుగనివారు.

అక్షరము రానివాడు గ్రంథపారాయణము చేయుటెట్లు? నా దృష్టిలో అజరయ్యగారి చరిత్రమునకు ప్రాణమిదియే. చదువు వచ్చినవాడు ప్రాతఃకాలమున నేకాంతముగా గ్రంథము తెఱచుట యొక భాగ్యము. ఆ భాగ్యము లేనివానికి గ్రంథము నిషిద్ధమని చెప్పుట మన పూర్వులు చేసిన పని. చదువు వచ్చువఱకు ఆగుమనుట దొరలలో కొందఱు చేసిన పని. అజరయ్యగారు ఆ రెండును చేయలేదు. గ్రామమునకొక ఉపాధ్యాయుని నిలిపిరి. పొలమునుండి వచ్చి, గంజి త్రాగి, జనులు ప్రొద్దుగ్రుంకిన పిమ్మట చిన్న గుడిసె దేవాలయమున కూడుదురు. ఉపాధ్యాయుడు కథ చదువును, వారు విని మరల చెప్పుదురు, పాటగా పాడుదురు. ప్రభువు నేర్పిన ప్రార్థనము, పది యాజ్ఞలు, విశ్వాసప్రమాణము కంఠస్థములగును. కోలాటము, భజన, కాలక్షేపము మొదలగు దేశీయ రీతులను ఆయన త్రోసివేయక చేరదీసిరి. మన కుందుర్పి ప్రాంతమున రచ్చకట్టమీద భారతము విని కర్ణుని దానము, ధర్మరాజు సత్యము నోటికి తెచ్చుకొన్న నిరక్షరాస్యులైన వృద్ధులను చూచినవారికి దీని బలము వేఱుగ చెప్పనక్కఱలేదు. నలువదేండ్లకు సమీపముగా పాఠములు చెప్పిన యనుభవముతో చెప్పుచున్నాను: పుస్తకమున్నవాడు పుస్తకమును నమ్ముకొనును, లేనివాడు హృదయమున వ్రాసికొనును.

వినుటతో ఆయన విడువలేదు. బాప్తిస్మము పొందినవారిచేత వారి చేతులను వారి తలలమీదనే యుంచించి, తాము బాప్తిస్మము పొందినవారమనియు, సువార్త ప్రకటింపకుండిన తమకు శ్రమ యనియు చెప్పించుచుండిరి. పౌలు తన్నుగూర్చి వ్రాసికొన్న మాట అది. దానిని ఒక కూలివాని నోట, వాని చేతిక్రిందనే, వాని మాటగా చేయుట సామాన్యమైన యుక్తి కాదు. త్రాగుడు మానుట, ఇల్లు వాకిలి శుభ్రముగా నుంచుకొనుట, చచ్చిన గొడ్డు మాంసము విడుచుట, ఇవన్నియు ఆ మాటవెంట వచ్చినవి. బీదవారే గదా యని దానమునుండి వారిని తప్పింపలేదు. వంటకు గింజలు తీయునపుడు ప్రతి గృహిణియు ఒక్క పిడికెడు వేఱుగ నుంచి దేవాలయమున సమర్పించు ఆచారము దక్షిణదేశపు సంఘములలో గలదు. కఱవు సీమలో పిడికెడు గింజల విలువ మనకు తెలియును. అది ధనికుని నూఱు రూపాయలకంటె బరువైనది. ఇచ్చువానికి గౌరవము గలదనియు, ఎల్లప్పుడు పుచ్చుకొనువాడు తల యెత్తలేడనియు ఆయన సిద్ధాంతము. దానమును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథమునకు ఆధారమిదియే.

కులము మాట వచ్చినపుడు ఆయన మెత్తబడలేదు. బాప్తిస్మము పొందిన పిమ్మటను మాలలు, మాదిగలు ఒక పంక్తిని కూర్చుండుటకు, ఒక్క పాత్రనుండి ప్రభురాత్రి భోజనము పుచ్చుకొనుటకు వెనుదీయుచుండిరి. దూరముంచబడినవాడు తనకంటె దూరముంచదగినవానిని వెదకుట లోకస్వభావము, మనలోను లేకపోలేదు. అజరయ్యగారు ఈ విషయమున రాజీపడలేదు. తన యింటనే అందఱిని కూర్చుండబెట్టి, అందఱితో భుజించి చూపిరి. ఫలము కాలక్రమమున కానవచ్చెను. దళితుల నడవడియందలి మార్పును కన్నులార చూచి సవర్ణ వ్యవసాయదారులు కొందఱు క్రైస్తవ సంఘమున చేరుట 1930 ప్రాంతమున డోర్నకల్లు మండలమున విశేషముగా జరిగెను. 1933లో ప్రకటితమైన పికెట్ దొర పరిశోధనగ్రంథమున ఈ యుద్యమములు చర్చింపబడినవి.

ఇందుచేతనే గాంధీమహాత్మునితో అభిప్రాయభేదము కలిగెను. 1936, 1937 సంవత్సరములలో మహాత్ముడు తన హరిజన పత్రికలో సామూహిక మతాంతరములను గట్టిగా విమర్శించెను. నిరక్షరాస్యులు తత్త్వము గ్రహించి మతము మారుదురా యని ఆయన సందేహము. దీనుని ఆకలిని ఆసరాగా గొని మతము మార్చుట తప్పను మహాత్ముని వాదమున న్యాయమున్నదని నేనును నమ్ముదును. కాని కూలివాడు తత్త్వము గ్రహింపలేడనుట నాకు సమ్మతము కాదు. ఆ వాదము ననుసరించిన మన భక్తులలో సగముమంది భక్తులు కాకపోవుదురు. అజరయ్యగారు మతవ్యాప్తిని విడువలేదు. అయినను 1932లో ప్రభుత్వమువారు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములిచ్చినపుడు ఆయన దానిని వ్యతిరేకించిరి. మతసంఘము రాజకీయవర్గముగా మారి, తన సంఖ్యను బేరమునకు పెట్టరాదని ఆయన తలంపు. సంఘములు పెట్టుకొనువారమందఱము, ఏ సంఘమైనను సరియే, ఈ నిరాకరణమును గూర్చి కొంత ఆలోచింపవలసియున్నది.

1939 జనవరి 6వ తేదీన డోర్నకల్లు మహాదేవాలయము ప్రతిష్ఠింపబడెను. మసీదును తలపించు గుమ్మటములు, మన మండపములవంటి స్తంభములు, పద్మమునుండి లేచుచున్న సిలువ: ఇవన్నియు అందు కలవు. చూచినవారు ఆ కట్టడపు అందమును మెచ్చుకొందురు. నాకు మాత్రము పైన చెప్పిన గుడిసె దేవాలయములే అంతకంటె గొప్పవని తోచును.

1945 జనవరి 1వ తేదీన, సంచారము ముగించి వచ్చి, స్వల్పకాలము జ్వరపడి, అజరయ్యగారు డోర్నకల్లులోనే పరమపదించిరి. అంతవఱకు ఆంగ్లికను సంఘమున స్వతంత్రముగా మండలమునేలిన భారతీయ బిషప్ మఱియొకరు లేరు. 1919లో తరంగంబాడిలో చేరిన సమావేశమునుండి వేర్వేఱు క్రైస్తవ శాఖల నొక్కటిగా చేయుటకు ఆయన పాటుపడుచుండిరి. ఆ ప్రయత్నము 1947 సెప్టెంబరు 27వ తేదీన మదరాసులో ఫలించి దక్షిణ ఇండియా సంఘమేర్పడెను. మన గుత్తి, అనంతపురము ప్రాంతముల లండన్ మిషను సంఘములు అందు చేరినవి. అజరయ్యగారి స్వంత మండలముననే నంద్యాల ప్రాంతపు సంఘములలో పెక్కు చేరక విడిగా నిలిచినవి. వారు చేరుటకు దాదాపు మూడు దశాబ్దములు పట్టినది.